జర్మనీలో పాత కోంబి కొంటున్నారా? కిలోమీటర్ల కంటే ముందు కాగితాలు అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. జర్మనీకి వచ్చే మన పిల్లల గురించి మీ పేపర్లో వీసాలు, చదువులు, ఉద్యోగాల వార్తలు తరచూ చూస్తున్నాను. ఇక్కడ ఇల్లు అద్దెకు దొరికాక కుటుంబం పెట్టే మొదటి పెద్ద ఖర్చు మాత్రం చాలామందికి సెకండ్ హ్యాండ్ కారే, దాని గురించి తెలుగులో పనికొచ్చే మాట ఎక్కడా కనబడటం లేదు. స్టుట్‌గార్ట్ దగ్గర చాలాకాలంగా ఉంటున్నాను, తెలిసినవాళ్లు బండి చూడ్డానికి వెళ్తూ తోడు రమ్మంటే వెళ్తుంటాను, అలా చూసినవే రాస్తున్నాను. ఇది ఇక్కడున్న పిల్లలతో పాటు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు కూడా చదవాలని నా కోరిక, ఎందుకంటే బేరం కుదిరే ముందు వీడియో కాల్ వెళ్లేది వాళ్లకే, అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

ముందు కోంబి అంటే ఏంటో చెప్పాలి. వెనక డిక్కీ పైకప్పు దాకా సాగి ఉండే పొడవాటి కుటుంబ కారు. ఫోక్స్‌వాగన్ దాన్ని వేరియంట్ అంటుంది, ఆడి అవాంట్, బీఎండబ్ల్యూ టూరింగ్, మెర్సిడెస్ టీ-మోడల్, పేర్లు వేరైనా బండి తరహా ఒకటే. మన దగ్గర టాటా ఎస్టేట్, ఇండిగో మెరీనా, మారుతి బలెనో ఆల్టురా వచ్చినా జనానికి ఎక్కలేదు, "అంబులెన్స్‌లా ఉంది" అనేశారు. ఆ మాట ఇప్పటికీ ఫోన్లో వినిపిస్తుంది, దానితో కొత్తగా వచ్చినవాళ్లు అదే డబ్బుకి ఇరుకైన చిన్న ఎస్‌యూవీ కొనుక్కుంటారు. పిల్ల పుట్టాక స్ట్రోలర్, కారు సీటు, ఆపైన మూడు నెలలకి అత్తమామలు వస్తే ఎయిర్‌పోర్టులో నాలుగు పెద్ద సూట్‌కేసులు. 2013లో వచ్చిన మూడో తరం స్కోడా ఆక్టేవియా కోంబి డిక్కీ 610 లీటర్లు, ఆ తర్వాత వచ్చిన పాసాట్ వేరియంట్‌ది 650, సూపర్బ్ కోంబిది 660. సీట్లు మడవకుండానే అంత చోటు. జర్మనీలో పిల్లలున్న ఇళ్ల ముందు ఈ బండ్లే ఎక్కువ కనబడటానికి కారణం అదే, అందుకే పాతవి కూడా అమ్మకానికి బోలెడన్ని ఉంటాయి, నచ్చకపోతే వదిలేసి ఇంకోటి చూసుకునే వీలు మీకుంటుంది.

ఇప్పుడు కిలోమీటర్ల సంగతి. ఇక్కడి కోంబిల్లో చాలా భాగం కంపెనీ కార్లుగా బతుకు మొదలుపెడతాయి. ఏ సేల్స్ ఉద్యోగికో లీజు మీద ఇస్తారు, అతను ఆటోబాన్ (ఇక్కడి హైవే) మీద రోజూ తిప్పుతాడు, లీజు షరతు కాబట్టి సర్వీస్ ఒక్కటి కూడా తప్పదు, మూడు నాలుగేళ్లకి లీజు అయిపోయి మార్కెట్లోకి వస్తుంది. అప్పటికి లక్ష దాటి ఉంటుంది. పక్కనే ఎనిమిదేళ్ల బండి యాభై వేలే తిరిగింది అని ఇంకో ప్రకటన ఉంటుంది, మనవాళ్ల చూపంతా దాని మీదే. కానీ ఆ రెండోది రోజూ సూపర్‌మార్కెట్‌కీ, స్కూలుకీ రెండు మూడు కిలోమీటర్లు తిరిగిన డీజిల్ అయితే, ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కలేదు, పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ శుభ్రపడటానికి అవకాశమే రాలేదు. నన్నడిగితే చరిత్ర మొత్తం కాగితం మీద ఉన్న లక్షా ఇరవై వేల బండి, చరిత్ర లేని యాభై వేల బండి కంటే మేలు. పైగా మీటర్ వెనక్కి తిప్పడం ఇక్కడా ఉంది. 2005 నుంచి అది నేరం, జైలు శిక్ష దాకా ఉంది, అయినా చేసేవాళ్లు చేస్తున్నారు. కాబట్టి మీటర్లో అంకెను ఒంటరిగా నమ్మకండి, దాన్ని కాగితాలతో పోల్చి చూడండి.

ఏ కాగితాలు? మన ఆర్‌సీ లాంటివి ఇక్కడ రెండుంటాయి. బండిలో పెట్టుకునేది మొదటి భాగం, దాన్ని షైన్ అంటారు, ఇంట్లో దాచుకునేది రెండో భాగం, బ్రీఫ్. బ్రీఫ్‌లో ఇప్పటిదాకా ఎంతమంది పేరు మీద బండి ఉందో రాసి ఉంటుంది, ప్రకటనలో "ఒకే ఓనర్" అని ఉండి బ్రీఫ్‌లో మూడు ఉంటే ఇక మాట్లాడేదేం లేదు. బ్రీఫ్ ఇప్పుడు చేతిలో లేదు, తర్వాత పోస్టులో పంపిస్తా అన్నారంటే చాలాసార్లు అది ఇంకా లోను ఇచ్చిన బ్యాంకు దగ్గర ఉందని అర్థం. అది కళ్లతో చూసేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. షైన్‌లో 2.1, 2.2 గడుల్లో ఉన్న కోడ్‌లను ఫొటో తీసుకోండి, ఇన్సూరెన్స్ ఎంత అవుతుందో ఆ రెండు కోడ్‌లు పెట్టి ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. 14వ గడిలో కాలుష్య తరగతి ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను. సర్వీస్ పుస్తకం కొత్త బండ్లకి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, అమ్మేవాణ్ని ప్రింటు తీసి ఇవ్వమనండి. పాత ట్యూఫ్ (ఫిట్‌నెస్ పరీక్ష) రిపోర్టులు కూడా అడగండి, ప్రతి రిపోర్టులో ఆ రోజు మీటర్ రీడింగ్ ఉంటుంది. ఆ అంకెల్ని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే మీటర్ ఎక్కడైనా వెనక్కి వెళ్లిందేమో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ట్యూఫ్ అంటే ఇక్కడ బండికి చేసే ఫిట్‌నెస్ పరీక్ష. కొత్త బండికి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. వెనక నంబర్ ప్లేటు మీద గుండ్రటి స్టిక్కర్ మధ్యలో ఉన్న అంకె గడువు సంవత్సరం, పైన ఉన్నది నెల. "ట్యూఫ్ కొత్తగా చేయించాం" అన్న మాట వినగానే మనవాళ్లు సగం నిశ్చింత పడిపోతారు. ఆ పరీక్షలో చూసేది బ్రేకులు, లైట్లు, టైర్లు, తుప్పు, పొగ వంటివి, అంటే రోడ్డు మీద అది ఎవరికీ ప్రమాదం కాకూడదని. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే పట్టీ, కొన్నిటికి దాని బదులు చైన్) ఎప్పుడు మార్చారు, గేర్‌బాక్స్ జారుతోందా, ఏసీ చల్లగా వస్తోందా అన్నవి ఆ పరీక్ష చేసేవాళ్ల పని కాదు. ట్యూఫ్ స్టిక్కర్ మెరుస్తూ ఉన్న బండికి కూడా వచ్చే నెల రెండు వేల యూరోల రిపేరు రావచ్చు. కొనే ముందు చూపించే పరీక్ష వేరే ఉంది, ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం, డెక్రా అనే తనిఖీ సంస్థ, ట్యూఫ్ వాళ్లే డబ్బు తీసుకుని చేస్తారు. అక్కడికి తీసుకెళ్దాం అంటే ఒప్పుకోని వాడి దగ్గర కొనొద్దు.

ఎవరి దగ్గర కొంటున్నారన్నది అన్నిటికంటే పెద్ద విషయం, మన పిల్లలు బొత్తిగా పట్టించుకోనిది కూడా ఇదే. డీలర్ దగ్గర కొంటే చట్టం మీ పక్కన ఉంటుంది. పాత బండికైనా లోపాలకి డీలర్‌ది రెండేళ్ల బాధ్యత, దాన్ని ఒప్పందంలో విడిగా రాసుకుని ఒక ఏడాదికి తగ్గించవచ్చు, అంతకంటే తగ్గించడానికి వీల్లేదు. 2022 జనవరి 1 నుంచి కొన్నవాటికి ఇంకో మేలు కలిగింది: మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది డీలరే. అంతకుముందు ఈ వెసులుబాటు ఆరు నెలలే. డీలర్ డబ్బులు తీసుకుని అమ్మే "గారంటీ" దీనికి అదనం, అందులో కొన్ని పార్టులే ఉంటాయి, కిలోమీటర్లు పెరిగిన కొద్దీ వాళ్లిచ్చేది తగ్గుతుంది. అది కొన్నారు కదా అని చట్టం ఇచ్చింది వదులుకోనక్కర్లేదు.

ఈ బాధ్యత నుంచి తప్పించుకోవడానికి కొందరు చేసే పని ఒకటి కళ్లారా చూశాను. ఊరి చివర పాత కార్లు అమ్మే చిన్న యార్డు, పాసాట్ వేరియంట్, తెలిసిన జంట, చంకలో ఆర్నెల్ల పాప. బండి నచ్చింది, ధర కుదిరింది, ఒప్పందం బల్ల మీద పెట్టారు. అమ్మేవాడి పేరు ఉండాల్సిన చోట యార్డు పేరు లేదు, ఎవరో వ్యక్తి పేరుంది, కింద చిన్న అక్షరాల్లో "ఇమ్ కుండెన్‌ఆఫ్ట్రాగ్" అని, అంటే ఓనర్ తరఫున మేం అమ్మిపెడుతున్నాం అంతే అని. ఇదేంటని అడిగితే "అది ఫార్మాలిటీ అండీ, అందరికీ ఇలాగే" అన్నాడు. సంతకం పెట్టి ఉంటే చట్టం దృష్టిలో వాళ్లు ఒక ప్రైవేటు మనిషి దగ్గర కొన్నట్టు, రేపు గేర్‌బాక్స్ పోతే యార్డుకి సంబంధం లేదు. అలాంటి ఎత్తు వేసిన డీలర్‌ని కోర్టు పట్టుకోవచ్చేమో, కానీ భాష రాని ఊళ్లో పసిపిల్లని పెట్టుకుని కోర్టు చుట్టూ తిరిగేదెవరు? పాప తల్లి పెన్ను పక్కన పెట్టేసి, యార్డు పేరు మీద రాస్తేనే తీసుకుంటాం అంది. వాడు రాయలేదు, వాళ్లు లేచి వచ్చేశారు. "డీలర్లకి, ఎగుమతికి మాత్రమే" అనీ, "రిపేరు చేసుకునేవాళ్లకి" అనీ రాసి మామూలు కుటుంబానికి అమ్మేసేవాళ్లు కూడా ఇదే కోవ.

ప్రైవేటు మనిషి దగ్గర ధర తక్కువ ఉంటుంది, ఆ తగ్గింపు ఊరికే రాదు. లోపాలకి నాకు బాధ్యత లేదని అతను రాసుకోవచ్చు, అది చెల్లుతుంది. తెలిసీ దాచిపెట్టిన లోపానికి మాత్రం ఆ రాత అడ్డు రాదు, అయితే తెలిసీ దాచాడని నిరూపించాల్సింది మీరు. అందుకే ప్రమాదం జరగలేదనీ, కిలోమీటర్లు ఇన్ననీ అతని చేత ఒప్పందంలో రాయించండి. నోటి మాటకి విలువ లేదు.

డీజిలా, పెట్రోలా అని అడిగేవాళ్లకి నా జవాబు సూటిగా ఉంటుంది: రోజూ ఆటోబాన్ ఎక్కేవాళ్లు డీజిల్ తీసుకోండి, ఊళ్లోనే తిరిగేవాళ్లు పెట్రోల్. మైలేజీ ఒక్కటే చూసి డీజిల్ కొంటే రోడ్ టాక్స్ దగ్గర తేడా తెలుస్తుంది. ఇంజన్ సైజులో ప్రతి 100 సీసీకి డీజిల్‌కి 9.50 యూరోలు, పెట్రోల్‌కి 2 యూరోలు. రెండు లీటర్ల డీజిల్‌కి అలా ఏడాదికి 190, ఒకటిన్నర లీటర్ల పెట్రోల్‌కి 30, ఇవి కాక ఆ బండి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి ఇంకొంత. ఆపైన నగరాల నిషేధాలు. షైన్ 14వ గడిలోని కాలుష్య తరగతి ఇక్కడే పనికొస్తుంది, అంకె పెద్దదైతే పొగ తక్కువని. మా స్టుట్‌గార్ట్‌లో 2019 నుంచి యూరో 4 తరగతి, అంతకంటే పాత డీజిళ్లు నగరంలోకి రాకుండా ఆపారు, 2020 జులైలో నడిబొడ్డున, మరికొన్ని పేటల్లో యూరో 5 డీజిళ్లని కూడా ఆపారు. మ్యూనిక్‌లో మిట్లెరర్ రింగ్ అనే రింగ్ రోడ్డు లోపల ఇలాంటి నిషేధం 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఈ నియమాలు మారుతుంటాయి, కొనే వారమే నగరపాలక సంస్థ సైట్‌లో చూసుకోండి. డీజిల్ తీసుకుంటే యూరో 6 తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. 2015 సెప్టెంబర్ నుంచి కొత్తగా రిజిస్టరైన కార్లన్నీ యూరో 6 కావాలి కాబట్టి దొరకడం కష్టం కాదు.

ఇంజన్లు, గేర్‌బాక్స్‌ల దగ్గర బ్రాండ్ పేరుకి దండం పెట్టకండి, ఒకే మోడల్లో మంచి ఇంజనూ ఉంటుంది, పీడకలా ఉంటుంది. బీఎండబ్ల్యూ 320డీ టూరింగ్ అంటే మన కుర్రాళ్లకి మోజు, కానీ 2007 నుంచి వాడిన ఎన్47 డీజిల్‌లో టైమింగ్ చైన్ ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, అది అరిగి శబ్దం మొదలైతే మార్చడానికి పెద్ద పని, బిల్లు కూడా అంతే. ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో 1.2, 1.4 టీఎస్‌ఐ పాత పెట్రోల్ ఇంజన్లకి చైన్ సాగే జబ్బు ఉండేది, 2012 ప్రాంతంలో వచ్చిన కొత్త రకానికి బెల్ట్ పెట్టారు, నేను చెప్పేది ఆ కొత్తది చూసుకోమని. ప్యూజో 308 ఎస్‌డబ్ల్యూలో 1.2 ప్యూర్‌టెక్, ఫోర్డ్ ఫోకస్ కోంబిలో 1.0 ఎకోబూస్ట్, ఈ రెండింట్లోనూ పాత రకాల్లో బెల్ట్ ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. అది నాని పొరలు ఊడితే ఆ తుక్కు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది, ఆయిల్ అందక ఇంజనే పోతుంది. బెల్ట్ మార్చిన బిల్లు చూపిస్తేనే ముందుకెళ్లండి. ఆటోమేటిక్ కావాలంటే స్కోడా, ఫోక్స్‌వాగన్‌లలో డీఎస్‌జీ అనే గేర్‌బాక్స్ ఉంటుంది, చిన్న ఇంజన్లకి పెట్టే ఏడు గేర్ల పొడి క్లచ్‌ది నాకు నమ్మకం తక్కువ, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో కుదుపులు వస్తాయి, దాని కంట్రోల్ యూనిట్ పోతే ఖర్చు చాలా ఎక్కువ. ఆయిల్లో తిరిగే ఆరు గేర్లది గట్టిది, 60,000 కిలోమీటర్లకోసారి దాని ఆయిల్ మార్చారో లేదో బిల్లు అడగండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు, చల్లటి ఇంజన్ మొదటి అర నిమిషం చేసే శబ్దమే అసలు విషయం చెప్తుంది.

కోంబిలో మామూలు కారుకి లేని బలహీనతలు కొన్నున్నాయి, ఇవి ఎవరూ చెప్పరు. డిక్కీ తెరిచి, అడుగు పలక ఎత్తి, స్టెప్నీ ఉండే గుంటలో చెయ్యి పెట్టి తడమండి. మొన్న చలికాలంలో ఒక బండికి అలాగే చూస్తే పైన కార్పెట్ పొడిగా ఉంది, కింద స్పాంజి పిండితే నీళ్లు కారాయి, గుంట గోడ మీద నీళ్లు నిలిచిన తెల్లటి గీత, జాకీ తుప్పు పట్టి చేతికి ఎర్రగా అంటుకుంది. పైన పెద్ద గాజు కప్పు ఉన్న కోంబిల్లో వాన నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాలు ఆకులతో పూడుకుపోతే ఆ నీళ్లన్నీ కిందికి దిగుతాయి. బీఎండబ్ల్యూ పాత 5 సిరీస్ టూరింగ్, ఈ61 రకంలో డిక్కీ కింద ఎలక్ట్రానిక్ యూనిట్లు కూడా ఉంటాయి, నీళ్లు చేరితే అవి పోతాయి. డిక్కీ తలుపు కీలు దగ్గర వంగే వైర్లు తెగడం కూడా దానికి మామూలే. కాబట్టి తలుపు నాలుగైదుసార్లు తెరిచి మూసి, వెనక వైపర్, లైట్లు, అద్దం హీటర్ అన్నీ పనిచేస్తున్నాయేమో చూడండి. ఆ గుంటలోనే వెల్డింగ్ మరకలు, కొత్త రంగు కనబడితే వెనక నుంచి గుద్దుకున్న బండి. మెర్సిడెస్ ఈ-క్లాస్ టీ-మోడల్‌లో బరువెక్కినా వెనక భాగం కుంగకుండా చూసే సస్పెన్షన్ ఉంటుంది, రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున వెనక కుంగి కనబడితే ఖర్చు సిద్ధంగా ఉన్నట్టే. వెనక కొక్కెం ఉంటే సైకిళ్లు కట్టుకోవడానికి బాగుంటుంది, కానీ ఏం లాగారో అడగండి, ఏళ్ల తరబడి బరువైన క్యారవాన్ లాగి ఉంటే క్లచ్ అలసిపోయి ఉంటుంది.

మీ పిల్లల సీటు, స్ట్రోలర్ వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి. ఇక్కడ పన్నెండేళ్లు వచ్చేదాకా లేక 150 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేదాకా పిల్లలకి ప్రత్యేక సీటు తప్పనిసరి, ముగ్గురు పిల్లలుంటే వెనక వరసలో మూడు సీట్లు చాలా కోంబిల్లో పట్టవు, అత్తమామల సంగతి ఇక చెప్పక్కర్లేదు. టైర్లు కూడా: "చలికాలం టైర్లు ఫ్రీగా ఇస్తున్నాం" అంటే టైరు పక్కన ఉన్న నాలుగంకెల డాట్ నంబర్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. కొండ లోపల మంచు రేకు బొమ్మ లేకుండా ఎం+ఎస్ (బురద, మంచు) అక్షరాలే ఉన్న టైర్లు 2024 అక్టోబర్ నుంచి చలికాలం టైర్ల కింద లెక్కలోకి రావు.

చివరిగా మనలో మనం చేసుకునే కొనుగోళ్లు. ఇండియా తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఈ బండిని వెంట తీసుకెళ్లలేరు, ఎడమవైపు స్టీరింగ్ ఉన్న పాత కారుని మన దేశంలోకి రానివ్వరు. అందుకే టికెట్లు బుక్ అయ్యాక తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "అర్జెంటుగా అమ్మేస్తున్నాం" అని పెడతారు, కొనేవాళ్లు "మనవాళ్లే కదండీ" అని కాగితం ముక్క లేకుండా డబ్బు పంపేస్తారు. అన్నా, అక్కా అని పిలుచుకునే చోట ఒప్పందం అడగడానికి మొహమాటం. రేపు ఆ బండి ఆగిపోతే ఇద్దరి మధ్యా మాటలుండవు, అమ్మినాయన అప్పటికి హైదరాబాద్‌లో ఉంటాడు, నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఇలాంటివే. ఏడీఏసీ సైట్‌లో ఒప్పందం ఫారం ఉచితంగా దొరుకుతుంది, ఇద్దరూ కూర్చుని నింపండి, తెలిసిన గీతలు, లోపాలు, పాత ప్రమాదాలు అన్నీ అందులో రాయండి. అమ్మినవాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసుకీ, ఇన్సూరెన్స్‌కీ అదే రోజు తెలియజేయాలి, కొన్నవాళ్లు వెంటనే తమ పేరు మీదకి మార్చుకోవాలి. తాళాలు చేతులు మారిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఒప్పందంలో రాయండి, ఎందుకంటే ఆ సాయంత్రమే స్పీడ్ కెమెరాకి చిక్కితే జరిమానా ఉత్తరం వెళ్లేది పాత ఓనర్ ఇంటికి, ఆ సమయానికి బండి తన దగ్గర లేదని చెప్పుకోవడానికి అతని చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇట్లు
మీ పాఠకురాలు,
స్టుట్‌గార్ట్, జర్మనీ